కొండల అవతలికి ఒక్క ముక్క: హ్యామ్ రేడియోలో మెసేజ్‌లు పంపడం, నా అనుభవం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో కన్ను మూసినవాళ్లు లేరనే చెప్పాలి. దసరా పది రోజులూ ఉండి వెళ్దామని మా అత్త రాయగడ నుంచి ముందు రోజే మా ఇంటికి వచ్చింది. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎటు చూసినా పడిపోయిన చెట్లు, ఊరి బయటికి వెళ్లే దారి ఏది తెరిచి ఉందో చెప్పేవాడు లేడు. మేమందరం క్షేమంగానే ఉన్నాం, రేకులు ఎగిరిపోయాయి అంతే, కానీ ఆ సంగతి రాయగడలో ఉన్న మా బావకి ఎలా తెలుస్తుంది? నాలుగు రోజులు తెలియలేదు. ఐదో రోజు మధ్యాహ్నం బైకు మీద, ఎక్కడెక్కడో తిరిగి, మోకాళ్ల దాకా బురదతో వచ్చాడు. గుమ్మంలో అత్తని చూసి లోపలికి కూడా రాకుండా మెట్టు మీదే కూర్చుండిపోయాడు. "ఒక్క ముక్క తెలిస్తే చాలును గదరా, అమ్మ బాగుంది అని ఒక్క ముక్క" అన్నాడు.

ఆ ఒక్క ముక్క కోసమే నేను ఈ హ్యామ్ రేడియోలోకి, అంటే ఔత్సాహికులు లైసెన్సు తీసుకుని సొంతంగా నడిపే రేడియోలోకి వచ్చాను. సరదా తర్వాత పుట్టింది.

నాది మోటార్ వైండింగ్ షాపు. కాయిల్, కెపాసిటర్, ఎనామెల్ వైరు, ఇవి రోజూ చేతిలో ఉండేవే కాబట్టి రేడియో థియరీ పుస్తకం తెరిస్తే భయం వేయలేదు. బావ అక్కడ హైస్కూల్లో సైన్సు మేష్టారు, ఆయనకి అసలే భయం లేదు. 1999లో సూపర్ సైక్లోన్ వచ్చినప్పుడు హ్యామ్‌లు ఒడిశాకి వచ్చి కబుర్లు అందించారనీ, 2004 సునామీ రోజున అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్ నుంచి తన రేడియోతోనే బయటి ప్రపంచానికి సమాచారం పంపారనీ చదివాక ఇద్దరం గట్టిగా అనుకున్నాం. లైసెన్సు పరీక్షలో రేడియో సిద్ధాంతం, నిబంధనలు ఉంటాయి, జనరల్ గ్రేడ్‌కైతే నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్, అంటే చుక్కలు గీతల సంకేత భాష కూడా రావాలి. షాపులో పని చేసుకుంటూ ఇయర్‌ఫోన్‌లో మోర్స్ వినేవాణ్ని, వైండింగ్ చుట్లు లెక్కపెట్టడం, మోర్స్ వినడం రెండూ ఒకేసారి కుదరవని ఒక పంపు మోటారు రెండుసార్లు చుట్టాక తెలిసింది. పరీక్ష పాసవడం కన్నా తర్వాతి కాగితాలకే ఎక్కువ కాలం పట్టింది. మా సరిహద్దు వాళ్లకి ఉండే కష్టమే, ఒక కాగితంలో ఇంటిపేరు ఒడియా ఉచ్చారణలో, ఇంకోదాంట్లో తెలుగు ఉచ్చారణలో ఉంటుంది, వెరిఫికేషన్‌కి వచ్చినాయన రెండూ ఒకరివే అని నమ్మడానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. పోనీండి, వచ్చింది, వీయూ2తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నా పేరు, వచ్చింది.

సెట్టు ఏది కొనాలి అన్నదానికి పెద్దగా ఆలోచించలేదు. హైదరాబాద్‌కి చెందిన అషర్ ఫర్హాన్ గారు తయారుచేసిన యూబిటెక్స్, బోర్డులు వచ్చాక మనమే డబ్బాలో పెట్టుకుని వైర్లు కలుపుకునే సెట్టు. 40 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, దాదాపు 10 వాట్లు ఇస్తుంది. ఇద్దరం ఒకటే రకం తీసుకున్నాం, ఒకరికి తెలిసింది ఇంకొకరికి పనికొస్తుందని.

రాయగడ మాకు గాలిలో కొలిస్తే 80 కిలోమీటర్ల చిల్లర. కానీ మధ్యలో తూర్పు కనుమలు. చేతిలో పట్టుకునే వీహెచ్ఎఫ్ సెట్టు ఆ కొండల ముందు పనికిరాదు, సూటిగా కనిపించే దూరానికే దాని బలం. అదే 7 మెగాహెర్ట్జ్ మీద యాంటెన్నాని ఎత్తులో కాకుండా కావాలనే కిందికి కడితే, సిగ్నల్ నిట్టనిలువుగా ఆకాశంలోకి వెళ్లి, పైన ఉండే అయనోస్ఫియర్ అనే పొరని తగిలి వాననీటిలా చుట్టూ కిందికి పడుతుంది. అంటే 80 కిలోమీటర్ల అవతల ఉన్న బావ ఇంటికి నా కబురు 300 కిలోమీటర్లు పైకెక్కి, అంతే దిగి చేరుతుంది, కొండలు దానికి లెక్కే కాదు. ఈ విషయం మొదటిసారి అర్థమైన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. డాబా మీద 20 అడుగుల జీఐ పైపు నిలబెట్టి, ఇంటి వైరింగ్‌కి వాడే వైరుతోనే అటు 33 అడుగులు, ఇటు 33 అడుగులు, ఒక కొస కొబ్బరిచెట్టుకి, ఒక కొస ట్యాంకు దిమ్మకి కట్టాను.

మాటతో ప్రయత్నించాం ముందు. పది వాట్ల గొంతు. పొద్దున్న పూట ఒకటి రెండుసార్లు వినిపించింది కానీ సగం మాటలు గురగుర శబ్దంలో మునిగిపోయేవి, "ఏటి? ఏటి?" అనుకోవడంతోనే సరిపోయేది. అప్పుడు హైదరాబాద్‌లో ఉండే హ్యామ్ మిత్రుడొకాయన చెప్పారు, మీరు గొంతు వదిలేసి అక్షరాలు పంపుకోండి, అక్షరాలకి చాలా తక్కువ బలం చాలు అని.

మొదట ఎఫ్‌టీ8తో మొదలుపెట్టమన్నారు, అదే మంచి దారి, ఇప్పుడు ఎవరడిగినా నేనూ అదే చెప్తున్నాను. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన పద్ధతి ఇది. 15 సెకన్లకి ఒక విడత, ఒకళ్లు పంపుతారు, ఇంకొకళ్లు వింటారు, కంప్యూటర్ చేసే శబ్దం చెవికి సన్నగా ఈల వేసినట్టుంటుంది, మనిషి చెవికి అసలేమీ వినబడని చోట కూడా కంప్యూటర్ దాన్ని పట్టేస్తుంది. 7.074 మెగాహెర్ట్జ్ మీద పెట్టి వదిలితే మన సిగ్నల్ ఎవరెవరికి వినబడిందో పీఎస్‌కే రిపోర్టర్ అనే సైట్‌లో మ్యాప్ మీద కనిపిస్తుంది. నాకు మొదటి వారం ఒక్క చుక్కా కనిపించలేదు. వినడం కూడా లేదు. కారణం లాప్‌టాప్ గడియారం. దాంట్లో ఉండే చిన్న బటన్ బ్యాటరీ అయిపోయి నాలుగు సెకన్లు వెనక నడుస్తోంది. ఈ పద్ధతులన్నిటికీ గడియారం సెకను లోపల సరిగ్గా ఉండాలి. బ్యాటరీ మార్చి, నెట్‌తో టైము సరిచేస్తే అదే రాత్రి ఇండోనేషియా, జపాన్, ఆస్ట్రేలియా వరసగా తెర మీద పడ్డాయి. తుఫానులో నెట్ ఉండదు కదా, అప్పుడు టైము ఎలా అని టెన్షన్ పడి ఒక చిన్న జీపీఎస్ రిసీవర్ కూడా కొని పెట్టుకున్నాను, అది ఉపగ్రహాల నుంచే టైము తీసుకుంటుంది.

కానీ ఎఫ్‌టీ8లో కబురు చెప్పుకోలేం. కాల్‌సైన్లు, సిగ్నల్ ఎంత, సెలవు, అంతే. సొంత మాట రాయాలంటే ఒక విడతకి 13 అక్షరాలు. మాకు కావాల్సింది అదే పునాది మీద కట్టిన జేఎస్8కాల్ అనే సాఫ్ట్‌వేర్, 7.078 మీద ఉంటుంది, కీబోర్డు మీద టైప్ చేసింది ముక్కలు ముక్కలుగా 15 సెకన్ల విడతల్లో వెళ్తుంది. అవతలివాళ్లు సీట్లో లేకపోయినా వాళ్ల కంప్యూటరే "నీ సిగ్నల్ ఇంత వినబడుతోంది" అని జవాబిస్తుంది. మెసేజ్ పెట్టెలో దాచి ఉంచుతుంది. ఇంకొకరి ద్వారా మూడో స్టేషన్‌కి కూడా అందిస్తుంది.

ఇక్కడే మా అసలు కష్టం మొదలైంది. మూడు వారాలు.

నేను పంపుతాను, ఫోన్‌లో బావ ఉంటాడు. "గీతలు ఒస్తన్నాయిరా, అక్షరాలే నేవు" అంటాడు. వాటర్‌ఫాల్ అంటారు, తెర మీద సిగ్నల్స్ నీళ్లు జారినట్టు పసుపు గీతలుగా దిగుతుంటాయి. ఆయన తెర మీద చక్కగా 15 సెకన్ల గీతలు పడుతున్నాయట. మరి అక్షరాలెందుకు రావు? టైము చూశాం, బాగుంది. సౌండు ఎక్కువైందేమో అని తగ్గించాం, తక్కువైందేమో అని పెంచాం. సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ వేశాం. ఆయన పంపితే నా దగ్గర గీత కూడా రాదు. ఒక ఆదివారం నేను కుర్చీలోంచి లేచి మంచినీళ్లు తెచ్చుకుందామని వెళ్తుంటే ఫోన్‌లో "ఇదిగో ఇప్పుడు ఒచ్చింది, భలేగా ఒచ్చింది గీత" అన్నాడు. నేను అప్పుడు ఏమీ పంపలేదు! గ్లాసు అక్కడే పెట్టేసి, "బావా, ఒక రెండు నిమిషాలు నేనేమీ పంపను, చూడు" అన్నాను. రెండు నిమిషాలూ ఆయన తెర మీద గీతలు పడుతూనే ఉన్నాయి.

అంటే ఆ గీతలు నావి కావు. మూడు వారాలుగా మేం చూస్తున్నది వేరేవాళ్ల సిగ్నల్స్.

సంగతేమిటంటే, 40 మీటర్ల మీద మాట్లాడేవాళ్లు లోయర్ సైడ్‌బ్యాండ్, అంటే డయల్ అంకెకి కింది పక్క వాడతారు, ఈ అక్షరాల పద్ధతులు మాత్రం ఏ బ్యాండ్ అయినా అప్పర్ సైడ్‌బ్యాండే, అంటే పై పక్కే. మా సెట్లు బ్యాండ్ మార్చినప్పుడు 10 మెగాహెర్ట్జ్ కంటే కింద దానంతట అదే లోయర్‌కి పోతాయి. నేను ఎఫ్‌టీ8 నేర్చుకునేటప్పుడే అప్పర్‌కి మార్చుకున్నాను, బావ ఎఫ్‌టీ8 చేయకుండా నేరుగా జేఎస్8కి వచ్చాడు, ఆయనది లోయర్‌లోనే ఉంది. డయల్ ఇద్దరిదీ 7.078 అనే చూపిస్తుంది, కానీ నా సిగ్నల్ ఆ అంకెకి పైన ఉంటే ఆయన చెవి ఆ అంకెకి కింద ఉంది. కింద ఎవరున్నారు? 7.074 నుంచి మొదలయ్యే ఎఫ్‌టీ8 జనం. వాళ్లవీ 15 సెకన్ల గీతలే, అందుకే అనుమానం రాలేదు, పైగా తలకిందులుగా వినబడతాయి కాబట్టి ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. బావ పంపినవన్నీ వాళ్ల మధ్యలో పడుతున్నాయన్నమాట, పాపం వాళ్లకెంత ఇబ్బంది అయిందో. ఆయన మెనూలో ఒక్క అక్షరం మార్చాడు. ఆ తర్వాతి విడతలోనే నా కాల్‌సైన్ ఆయన తెర మీద పడింది, ఫోన్‌లో ఆయన అరుపుకి ఇంట్లో అత్త "ఏటైంది, ఏటైంది" అని పరుగెత్తుకొచ్చిందట.

మీరెవరైనా మొదలుపెడుతుంటే, గీతలు కనబడి అక్షరాలు రాకపోతే ముందు సైడ్‌బ్యాండ్ చూడండి, తర్వాత టైము చూడండి, ఆ తర్వాతే మిగతావి. ఇంకో మాట, గీత పడుతున్నప్పుడు అవతలివాళ్లు నిజంగా పంపుతున్నారా అని అడగండి.

నా వైపు ఇంకో గొడవ ఉండేది. పంపడం మొదలవగానే మౌస్ బాణం బిగుసుకుపోయేది, యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఊడిపోయినట్టు లాప్‌టాప్ టింగ్ మనేది, సెట్టు మాత్రం పంపుతూనే ఉండిపోయేది. ఆపడానికి పరుగెత్తి బ్యాటరీ క్లిప్పు పీకేయాలి. యాంటెన్నాకి వెళ్లాల్సిన శక్తి కొంత కేబుల్ పైపొర మీద వెనక్కి వచ్చి లాప్‌టాప్‌లోకి దూరుతోంది. కేబుల్‌ని యాంటెన్నా మొదట్లోనే పీవీసీ పైపు మీద పది చుట్లు చుట్టాను, పాత మానిటర్ కేబుళ్లకి ఉండే నల్లటి ఫెర్రైట్ గుండ్లు కోసి తీసి యూఎస్‌బీ వైరుకి, ఆడియో వైరుకి తొడిగాను. ఆడియో వైరుకి మధ్యలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి లాప్‌టాప్‌ని సెట్టుని విడగొట్టాను, దాంతో హమ్మింగ్ కూడా పోయింది. వేడి సంగతి కూడా చెప్పాలి. మాట్లాడేటప్పుడు మాటకీ మాటకీ మధ్య సెట్టుకి ఊపిరి ఉంటుంది, ఇది ఒక్కో విడతలో 12 సెకన్లకి పైగా పూర్తి బలంతో నిలబడి పంపుతుంది, వరసగా ఐదారు విడతలంటే హీట్‌సింక్ మీద వేలు పెట్టలేం. కంప్యూటర్ పాత ఫ్యాను ఒకటి బిగించి, బలం ఐదు వాట్లకి తగ్గించాను. తగ్గించినా బావకి వినబడే తీరులో పెద్ద తేడా రాలేదు.

తర్వాత భాష సంగతి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, వాడుక తెలుగు కోసం ఆయన పడిన కష్టం మాకు చిన్నప్పటి నుంచి చెప్తూనే ఉంటారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం కదా, ఆ రోజు తెలుగులోనే పంపుకుందామని అనుకున్నాం. జేఎస్8లో తెలుగు లిపి పోదు, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయాలి, అది ఫోన్‌లో అందరికీ అలవాటే. కానీ రాసి చూస్తే తెలిసింది, ఈ సాఫ్ట్‌వేర్ లోపల ఇంగ్లిష్ మాటల పట్టిక ఒకటి ఉంది, అందులో ఉన్న మాటని కుదించి పంపుతుంది. మన మాటలు అందులో లేవు కాబట్టి అక్షరం అక్షరం మోయాలి. ఒకే సంగతి ఇంగ్లిష్‌లో మూడు విడతల్లో పోతే తెలుగులో ఐదారు పట్టింది. ఆ రోజు దూరంగా ఉరుములు, మెరుపు మెరిసినప్పుడల్లా సిగ్నల్ మీద చీలిక, ఒక విడత పోతే వాక్యం మధ్యలో ఖాళీ. మెసేజ్ పొడుగయ్యేకొద్దీ చీలిక పడే అవకాశం ఎక్కువ. అయినా తెలుగు వదలలేదు. వాక్యాలు పొట్టివి చేసుకున్నాం, అచ్చులు సాగదీయడం మానేశాం, "బాగున్నాం", "కరెంటు లేదు", "దారి మూసింది", "నీళ్లు తగ్గాయి" ఇలా విడివిడిగా, ఒక్కో మెసేజ్‌కి ఒక్కో సంగతి. రహస్య కోడ్‌లు మాత్రం పెట్టుకోలేదు, పెట్టుకోకూడదు కూడా, హ్యామ్ రేడియోలో ఎవరు విన్నా అర్థమయ్యే భాషే వాడాలని నిబంధన. మా యాసలో రాస్తే హైదరాబాద్ మిత్రుడు ఒకసారి "నేదు అంటే ఏమిటండీ" అని అడిగారు, అప్పట్నుంచి "లేదు" అనే రాస్తున్నాం.

పగలు బాగా కుదిరింది. చీకటి పడితే కుదరలేదు. ఏడు దాటాక బావ సిగ్నల్ ఒక్కసారిగా మాయమయ్యేది, అదే సమయంలో ఆస్ట్రేలియా గట్టిగా వినబడేది. రాత్రి పూట అయనోస్ఫియర్ పలచబడి, నిలువుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్‌ని వెనక్కి తిప్పలేదు, ఏటవాలుగా వెళ్లినదాన్నే తిప్పుతుంది, అది దూరంగా వెళ్లి పడుతుంది. దగ్గరివాళ్లు మధ్యలో మిగిలిపోతారు. తుఫాను పగలే వస్తుందని రాసి ఇవ్వదు కదా, దీనికి దారి కావాలి.

మొన్న శీతాకాలంలో అత్త మా ఇంట్లో ఉండగా జ్వరం పట్టింది. ఆ రాత్రి ఫోన్లు పనిచేస్తూనే ఉన్నాయి, కానీ పరీక్షించడానికి ఇదే సమయం అనిపించి బావకి ముందే చెప్పాను, ఫోన్ ముట్టుకోవద్దు అని. ఎనిమిదిన్నర. బావని పిలిస్తే జవాబు లేదు. హైదరాబాద్ మిత్రుడు మైనస్ 9 డెసిబెల్స్‌తో వస్తున్నారు, ఈ పద్ధతికి అది గట్టి సిగ్నలే. హైదరాబాద్ నాకు 600 కిలోమీటర్లు, బావకి 550 చిల్లర, ఇద్దరికీ రాత్రి పూట సరిగ్గా పడే దూరం. ఆయన కాల్‌సైన్, తర్వాత పెద్దది అనే గుర్తు (>), తర్వాత బావ కాల్‌సైన్, తర్వాత "జ్వరం తగ్గింది అన్నం తింది" అని టైప్ చేసి వదిలాను. ఫ్యాను తిరుగుతోంది, విడతలు ఒకటొకటి పోతున్నాయి. నాది అయిపోయింది. నిశ్శబ్దం. తర్వాత హైదరాబాద్ నుంచి నా కబురే మళ్లీ మొదలవడం నా తెర మీదే కనిపించింది, నా అక్షరాలు ఇంకొకరి చేతి మీదుగా వెళ్తుంటే చూడటం, అది నేనెప్పుడూ చూడని దృశ్యం. అత్త పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని "ఏటొచ్చింది" అని అడుగుతూ ఉంది. మూడు నాలుగు నిమిషాలకి అందినట్టు గుర్తు వచ్చింది, దాని వెనకే అదే దారిలో బావ జవాబు: "అన్నం కూర ఏంటి". అత్త చదవమంది, చదివాను. "ములక్కాడ పులుసని చెప్పు" అంది. పంపాను.

రాత్రి పూట మధ్యలో ఎవరూ లేకుండా నేరుగా కలవాలంటే 80 మీటర్ల బ్యాండ్‌కి దిగాలి, 3.578 మీద. ఆ బ్యాండ్‌లో సిగ్నల్ నిలువుగా వెళ్లినా రాత్రి వెనక్కి తిరిగి వస్తుంది. కానీ దానికి యాంటెన్నా రెట్టింపు, ఒక్కో వైపు 65 అడుగులు, మా డాబా చాలదు. పక్కింటి వాళ్ల దొడ్లో ఇంకో కొబ్బరిచెట్టు ఉంది, అడిగాను. కాయలు దింపించాక కట్టుకోమన్నారు. వైరు కొలిచి చుట్ట చుట్టి షాపులో పెట్టాను, బావ కూడా అక్కడ స్కూల్ వెనక వేపచెట్టు చూసుకున్నాడు, హెడ్‌మాస్టర్ గారిని అడగాల్సి ఉంది.